జమేదారు గెలవాల్సిన ఆట

ఉద్యోగంలో నేను నేర్చుకున్న మొదటి పని తార్ కొట్టడం, అంటే టెలిగ్రాం పంపడం. రెండోది పేకాటలో ఓడిపోవడం. మొదటిది కాజీపేటలో కూర్చోబెట్టి నేర్పారు. రెండోది నేర్పింది మా స్టేషన్ మాస్టరు. విచిత్రమేమిటంటే నాకు నేర్పిన ఆ విద్య ఆయనకు మాత్రం చివరిదాకా పట్టుబడలేదు.

రైల్వేలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వచ్చి, "రజాకార్ల కాలంలో డ్యూటీ చేశారట కదా, భయం వేయలేదా?" అని అడుగుతుంటారు. వేసింది నాయనా. పొద్దున లేస్తే భయం, అన్నం ముందు కూర్చుంటే భయం, బూట్ల చప్పుడు వినబడితే భయం, వినబడకపోతే ఎందుకు వినబడటం లేదని ఇంకో భయం. ఇంత చెప్పాక నేను తుపాకుల కథ మొదలుపెడతానని వాళ్లు కుర్చీ ముందుకు జరుపుకుంటారు. నేను పేకముక్కల గురించి మొదలుపెడితే కొంచెం నిరాశపడతారు. మీరూ పడితే పడండి, నేను చూసింది అదే.

మాది ఘన్‌పూర్‌కూ జనగామకూ నడుమ ఉండే ఒక చిన్న స్టేషన్. ఒక రాతిగది, గూడ్స్ షెడ్డు, రెండు క్వార్టర్లు, ప్లాట్‌ఫారం చివర ఒక చింతచెట్టు. మాస్టరు, తార్ బాబుగా నేను, ఒక పాయింట్స్‌మన్, పట్టాలు చూసుకునే నలుగురైదుగురు గ్యాంగ్‌మన్లు. చుట్టుపక్కల పల్లెల్లో దొరలకు ఎదురుతిరిగిన రైతుల సంఘం గట్టిపడి, దొరలు గడీలు వదిలి పట్నం దారి పట్టిన రోజులవి. పోలీసు యాక్షన్‌కు ముందరి ఎండాకాలంలో సర్కారు పోలీసులు మా గూడ్స్ షెడ్డును క్యాంపు చేశారు. ఒక జమేదారు, ఆయన కింద సిపాయిలు.

సంఘం వాళ్లకు అన్నం పెట్టారని, దారి చూపించారని నర్మెట్ట వైపు ఊళ్లలోంచి మనుషులను పట్టుకొచ్చేవారు. షెడ్డులో కొట్టాల్సింది కొట్టి, చేతులకు తాళ్లు కట్టి, ప్లాట్‌ఫారం మీద కూర్చోబెట్టేవారు. మధ్యాహ్నం ప్యాసింజర్‌లో వరంగల్ క్యాంపుకు పంపాలి. అక్కడికి పోయినవాళ్లలో కొందరు నెలలు గడిచాక ఈడ్చుకునే కాళ్లతో తిరిగి వచ్చారు. కొందరి కోసం ఇంటివాళ్లు ఎదురుచూడటం మానేశారు. బండి ఎక్కించేముందు ఒకరిద్దరిని విడిచిపెట్టడం జమేదారు చేతిలో ఉండేది. ఎవరిని విడవాలి, ఎందుకు విడవాలి అనేదానికి ఒక పద్ధతంటూ లేదు. ఆ గడియకు ఆయన మనసు ఎట్లా ఉంటే అట్లా.

ప్యాసింజర్ ఎన్నడూ వేళకు రాదు. జమేదారుకు పొద్దుపోదు. ఒకరోజు జేబులోంచి పేకముక్కలు తీసి మా గదిలోని బల్ల మీద పెట్టి, "ఆవో మాస్టర్, బైఠో. తార్ బాబూ, నువ్వు గూడ" అన్నాడు. కాదనే ధైర్యం ఎవరికుంది?

ఆట మూడు ముక్కలది. చేతిలో ఒకే విలువ ముక్కలు మూడు పడితే అంతకు మించింది లేదు, అందులో మూడు ఆసులు పడితే దానిమీద దేవుడు కూడా ఆడలేడు. పందెం డబ్బులు కాదు, చింతగింజలు. అది జమేదారు పెట్టిన రూలు. "పైసలు పెడితే మీరు పైసల కోసం ఏడుస్తరు. నాకు ఏడుపొద్దు, ఆట గావాలె" అన్నాడు. చెట్టు కిందికి పోయి గింజలు ఏరుకొచ్చే పని నాదే.

చింతగింజలకు విలువేముంది అనుకుంటారు మీరు. నేనూ అనుకున్నాను. ఒకనాడు జనగామ నుంచి వచ్చిన బియ్యం గుత్తేదారు ఒకాయన మాతో కూర్చున్నాడు. ఆయనకు మా భయం తెలియదు. వరసగా గెలిచి, తొడ చరిచి నవ్వాడు. జమేదారు బెల్టు బిళ్లను బొటనవేలితో రుద్దుకుంటూ ఉండిపోయాడు. అంతకుముందు గంటలో, ఒక ముసలాయనను విడిచిపెడతానని ఆయనే అన్నాడు. ముసలాయన తాడు విప్పించుకుని, తువ్వాల దులుపుకుని కూడా ఉన్నాడు. జమేదారు బయటికి వచ్చి, ఆ ముసలాయనను కాలితో తన్ని మళ్లీ వరసలో కూర్చోబెట్టాడు. బండి రాగానే మొదట ఎక్కించింది ఆయననే.

బండి పోయాక మాస్టరు కుండలోంచి నీళ్లు ముంచుకుని తాగలేక మళ్లీ కుండలోనే పోశారు. "తమ్మీ, ఇగ మనం గెలువొద్దు. ఆయన గెలిస్తే ఒకడన్న ఇంటికి పోతడు" అన్నారు.

అప్పటినుంచి ఓడిపోవడం మా డ్యూటీలో భాగమైంది. ఓడిపోవడం తేలికనుకోకండి. ఊరికే ఓడితే తెలిసిపోతుంది. చిన్న ఆటలు గెలవాలి, పెద్ద ఆటలు వదులుకోవాలి. వదులుకునేటప్పుడు నిజంగా బాధపడ్డట్టు కనిపించాలి, మరీ ఎక్కువ కనిపించకూడదు. మంచి ముక్కలు పడితే ఊపిరి మారకూడదు. నాకు పేకాటంటే మొదటినుంచీ పెద్ద ఇష్టం లేదు కాబట్టి తొందరగానే అబ్బింది. చేతిలో ఏమొచ్చినా అది ఎవరి ముక్కలో అన్నట్టు చూసేవాణ్ని.

మాస్టరు సంగతి వేరు. ఉద్యోగంలో అంతటి పిరికి మనిషిని నేను మళ్లీ చూడలేదు. పక్క స్టేషన్‌కు బండి పంపవచ్చని లైన్ క్లియర్ ఇచ్చి, ఇచ్చానా లేదా అని మళ్లీ నన్నే అడిగేవారు. పైనుంచి తనిఖీ వస్తుందంటే రెండు రోజుల ముందే జ్వరం తెచ్చుకునేవారు. అలాంటి మనిషి చేతిలో పేకముక్కలు పడితే చెవులు ఎర్రబడేవి. వేళ్లు వణకడం ఆగిపోయేది. పూర్వం పెద్ద స్టేషన్‌లో పనిచేసేటప్పుడు పేకాటలో మునిగిపోయి, ఇల్లు గుల్ల చేసుకుని, మేం అమ్మగారని పిలిచే భార్య తలమీద చెయ్యిపెట్టి ఒట్టు వేసి మానేశారట. జమేదారు ఆ ఒట్టును ఒక్కమాటతో చెరిపేశాడు. ఇప్పుడు ఆడాలి, కానీ గెలవకూడదు. తాగుబోతును కల్లుకుండల ముందు కాపలా పెట్టినట్టయింది ఆయన పని. జమేదారు వెళ్లిపోయాక, తను వదులుకున్న ముక్కలను పేకలోంచి వెతికి తీసి బల్లమీద పరుచుకుని చూసుకునేవారు. "చూడు, ఇది నా ఆటనే" అని గొణుక్కునేవారు. నాకు నవ్వొచ్చేది. అందులో భయపడాల్సింది ఉందని అప్పుడు తోచలేదు.

కొన్నాళ్లకు మా రహస్యం జమేదారుకు తప్ప అందరికీ తెలిసిపోయింది. పట్టుకొచ్చినవాళ్ల ఇంటి ఆడవాళ్లు చింతచెట్టు కింద కూర్చునేవారు. నేను గింజల కోసం పోతే మెల్లగా అడిగేవారు: "బాబూ, ఇయ్యాల ఆట ఉన్నదా?" ఉందంటే వాళ్ల మొహంలోకి కాస్త నెత్తురు వచ్చేది. ఎన్నడూ పేకముక్క ముట్టని తల్లులు జమేదారు గెలవాలని కొంగుపట్టి మొక్కుకునేవారు. తమ బిడ్డను కొట్టినవాడు గెలవాలని మొక్కుకోవడం ఎట్లా ఉంటుందో ఆలోచించండి.

ఇక ఆ రోజు. తెల్లవారగానే మా గ్యాంగ్‌మన్లలోనే ఒకణ్ని పట్టుకొచ్చారు. నాకంటే పదేళ్లు పెద్దవాడు, అన్నా అని పిలిచేవాణ్ని. ఎండకు పట్టాలు ఎక్కడ సాగాయో కాలితో తొక్కి చెప్పే మనిషి. మధ్యాహ్నం ఇద్దరం ఒకచోటే అన్నం తినేవాళ్లం. సంఘం వాళ్లకు పట్టాలు విప్పే పానా ఇచ్చాడని నేరం మోపారు. పానా ఇచ్చాడో లేదో నాకు తెలియదు. వాళ్ల ఆకలికి జొన్నగటక పోసిన మాట నిజం, అది నాకు తెలుసు. పట్టాలు విప్పిన నేరం మీద వరంగల్ పోయినవాడు తిరిగి రాడు. అదీ తెలుసు.

ఆ రోజు పట్టుకొచ్చిన మిగతా నలుగురితోపాటు అతణ్ని స్తంభం దగ్గర కూర్చోబెట్టారు. పెదవి పగిలి ఉంది. అతని భార్య చెట్టు కిందినుంచి లేచి వచ్చి నా కాళ్లకు అడ్డం పడింది.

"నీ బాంచెన్ బాబూ, నువ్వు, మాస్టర్ సాబ్ మంచిగ ఓడుండ్రి. ఈ ఒక్క దినం మంచిగ ఓడుండ్రి" అంది.

దానికి తోడు ఇంకో చిక్కు వచ్చింది. మామూలుగా ఎంతమందిని పంపేదీ ఆట అయ్యాకే వరంగల్‌కు తార్ కొట్టించేవాడు జమేదారు. ఆ రోజు వరంగల్ వాళ్లే పొద్దున తార్ ఇచ్చి ఎంతమందని అడిగారు. అయిదుగురని జవాబు కొట్టించాడు. కొట్టింది నేనే. లోపలికి పోయి మాస్టరుతో, "లెక్క వరంగల్‌కు పోయింది సార్, ఇప్పుడెట్ల విడుస్తడు?" అన్నాను.

"ముందుగాల గెలువనీ. గెలిచి నవ్వినంక వాడే ఏదో తొవ్వ చూస్తడు. మనం మాత్రం గెలువొద్దు తమ్మీ, యాది పెట్టుకో" అన్నారు. నాకు చెబుతున్నారో తనకు చెప్పుకుంటున్నారో తెలియలేదు.

ప్యాసింజర్ బాగా ఆలస్యమని కబురు అందింది. ఆట మొదలైంది. కిటికీలోంచి స్తంభం కనబడుతోంది, అన్న మొహం కనబడుతోంది. నేను వరసగా ఓడాను. మాస్టరూ ఓడారు. జమేదారు ముందు గింజలు పోగుపడ్డాయి. మీసం దువ్వుకున్నాడు, మంచినీళ్లు అడిగి తాగాడు, మా ఊరెక్కడని నన్ను అడిగాడు. ఇంకో రెండు ఆటలు ఇట్లాగే నడిస్తే అన్న గురించి నోరు తెరవచ్చు అనుకున్నాను.

అప్పుడు పంచిన ముక్కలను మాస్టరు ఎత్తి చూశారు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

నా ముక్కలు కింద పడేశాను, ఆయనా పడేస్తారని. పడేయలేదు. గింజలు ముందుకు తోశారు. జమేదారు తోశాడు. మాస్టరు మళ్లీ తోశారు. బల్లకింద ఆయన కాలు తొక్కాను. రాతిని తొక్కినట్టుంది. దగ్గాను. "సార్, ఘన్‌పూర్ పిలుస్తున్నట్టుంది" అని అబద్ధమాడాను. వినలేదు. ఆ కళ్లు నా వైపు తిరిగాయి కానీ నన్ను చూడలేదు. జమేదారు మొహంలో నవ్వు పోయింది. బొటనవేలు బెల్టు బిళ్లమీదికి చేరింది. అయినా ఆయనా ఆగలేదు. గెలిచిన పోగంతా గుప్పిట్లతో తోస్తూనే ఉన్నాడు. ఒకడు భయంతో బతికేవాడు, ఇంకొకడు భయపెట్టి బతికేవాడు, ఆ బల్ల దగ్గర మాత్రం ఇద్దరూ ఒకే మనిషిలా కనిపించారు. ఇద్దరికీ ఆగడం చేతకాదు.

జమేదారు గింజలు అయిపోయాయి. నన్ను ఇంకొన్ని ఏరుకురమ్మంటాడనుకుని లేవబోయాను. ఆయన కిటికీలోంచి స్తంభం వైపు చెయ్యి చూపించాడు.

"గింజలకు బదులు వాన్ని పెడుతున్న. మీ గ్యాంగ్‌మన్‌ను. నువ్వు గెలిస్తే వాడు నీవోడు, తీస్కపో. నేను గెలిస్తే వాని పేరు ఎత్తొద్దు. సిపాయిలు విన్నరు. దిఖావో."

గది గుమ్మంలో సిపాయిలు నిలబడ్డారు. మాస్టరు ఒక్కొక్క ముక్క నెమ్మదిగా తిప్పారు. ఆసు. ఆసు. ఆసు. తిప్పి, నవ్వారు. పసిపిల్లవాడిలా నోరు తెరిచి నవ్వారు.

జమేదారు తన ముక్కలు చూపించకుండా బోర్లా పడేసి బయటికి నడిచాడు. ఆయనలో ఏ మంచి లేకపోయినా ఆటలో మాట తప్పడు. సిపాయిల ముందు అసలే తప్పడు. అన్న తాడు విప్పించి, "పో" అన్నాడు. అన్నకు అర్థం కాలేదు. భార్య వచ్చి రెక్కపట్టి లాగింది. ఇద్దరూ కట్టదిగి, వెనక్కి చూడకుండా కంపచెట్లలోకి పోయారు.

అప్పుడు జమేదారు మాస్టరు వైపు తిరిగాడు. గొంతు పెంచలేదు.

"వరంగల్‌కు అయిదుగురని తార్ పోయింది. ఇప్పుడు నలుగురే ఉన్నరు. రెండు తొవ్వలున్నయ్ మాస్టర్. పత్తాలు కలిపేటప్పుడు తొండి చేసిన అని వీళ్ల ముందట ఒప్పుకో, సిపాయిలు ఉరికి వాన్ని తోల్కొస్తరు. లేకుంటే ఆ అయిదోడు నువ్వు. సంగపోళ్లకు రైళ్ల ఖబర్ ఇస్తున్నవని రాస్త."

మాస్టరు ఆయన కాళ్లమీద పడతారనే అనుకున్నాను. తనిఖీ కాగితానికే వణికే మనిషి. పడితే అన్న పోతాడు. పడకపోతే మాస్టరు పోతారు. ఎవరు పోవాలని కోరుకోవాలో తెలియక గోడకు ఆనుకున్నాను. క్వార్టర్ తలుపు దగ్గర అమ్మగారు నోట్లో కొంగు కుక్కుకుని నిలబడి ఉన్నారు.

"తొండి చెయ్యలె. గెలిచిన" అన్నారు మాస్టరు.

జమేదారు ఇంకోసారి అడిగాడు. మాస్టరు మళ్లీ అదే మాట అన్నారు. టోపీ సర్దుకుని, చేతులు ముందుకు చాపారు, తాడు కట్టుకోమని.

బండి వచ్చింది. స్టేషన్‌లో ఇక అధికారిని నేనే. లైన్ క్లియర్ తీసుకోవాలి, గంట కొట్టించాలి, పచ్చజెండా ఊపాలి. మా మాస్టరును ఎక్కించిన బండికి నా చేత్తోనే జెండా ఊపాను. ఊపకపోతే ఏమయ్యేదని నన్ను అడగకండి, చాలామంది అడిగారు. కిటికీ ఊచల్లోంచి ఆయన నన్ను పిలిచారు. ఇంటికి ఏదో కబురు చెబుతారని పరుగెత్తాను.

"తమ్మీ, ఆయన చేతిల ఏమున్నయ్? చూసినవా?" అన్నారు.

చూశాను. బల్ల సర్దేటప్పుడు తిప్పి చూశాను. "రెండు తొమ్మిదులు, ఒక జాకీ సార్."

"గంతేనా" అన్నారు. బండి కదిలింది. ఆ మొహంలో ఉన్నది దిగులు కాదు, పెద్ద ఆట చిన్న చేతితో ముగిసినందుకు వచ్చిన నిరాశ.

పోలీసు యాక్షన్ అయ్యాక జైలు తలుపులు తెరిచారు. మాస్టరు సగం మనిషై తిరిగి వచ్చారు. కుడిచెయ్యి సరిగా లేచేది కాదు. ఉద్యోగం మళ్లీ ఇచ్చారు, మానుకోట వైపు వేశారు, అక్కడే రిటైరై ఇల్లు తీసుకున్నారు. మా సెక్షన్ అంతా ఒకటే కథ పాకింది: గ్యాంగ్‌మన్ ప్రాణం కోసం తన ప్రాణం ఒడ్డిన మాస్టరని. సన్మానాలు చేశారు, దండలు వేశారు. ఆయన తల వంచుకుని కూర్చునేవారు. ఎంత వినయమో అనుకున్నారు జనం.

చాలా ఏళ్లకు నాకూ మానుకోటకు బదిలీ అయ్యింది. ఒక ఆదివారం ఆయనను చూడబోయాను. అరుగుమీద గ్యాంగ్‌మన్ అన్న కూర్చుని ఉన్నాడు. తల నెరిసింది. ప్రతి ఏడూ కొత్త జొన్నలు రాగానే మూట నెత్తిన పెట్టుకుని రైలెక్కి వస్తాడట. అమ్మగారు మూట విప్పించుకుంటున్నారు. మాస్టరు లోపలి గదిలో ఉన్నారు. నన్ను చూసి తలుపు దగ్గరకు వెయ్యమన్నారు.

"ఆ దినం నా ఎదురుంగ కూసున్నది నువ్వే" అన్నారు. "నా మొఖం చూసినోనివి నువ్వే. చెప్పు, నేను వాని కోసం ఆడిన్నా?"

"వాడు బతికిండు కద సార్."

"అది గాదు నేనడిగేది. జమేదారు వాన్ని పెట్టకముందే పడెయ్యాలె నేను. ఆ మూడు చూసినంక నాకు వాడు లేడు, వాని పెండ్లాం లేదు, ఎవ్వలు లేరు. వాడు బతుకుడు వాని నసీబు. నేను గెలిస్తే వాన్ని ఆడనే కాలుస్త అని జమేదారు అన్నా, నేను తిప్పి చూపెడ్తుంటి తమ్మీ."

"మరి రైలెందుకెక్కిండ్రు? తొండి అని ఒప్పుకుంటే ఇంట్ల ఉంటుంటిరి కద" అన్నాను.

"గెలిచిన ఆట ఓడిన అని ఎట్లంటరా" అన్నారు. వెంటనే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. "చూసినవా, ఇప్పటికి గూడ అదే మాటొస్తది. జైల్ల కొట్టినప్పుడు గూడ నాకింత భయం కాలె. వాడొచ్చి కాళ్లు మొక్కినప్పుడల్ల లోపల దడదడ కొట్టుకుంటది. వానికి నువ్వు చెప్పకు."

ఈ మాట ఇన్నాళ్లు నేను ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు ఇద్దరూ లేరు కాబట్టి చెబుతున్నాను. కోపాన్ని, దురాశను, భయాన్ని అణచుకోవడం గురించి పెద్దలు మీకు చాలా చెబుతారు. నిన్ను నువ్వు బాగా ఎరుగుదువనుకునే రోజున, నీ చేతిలో ఏ ముక్కలు పడితే నువ్వు కనబడకుండా పోతావో అది తెలుసుకుని ఉండటం మంచిదని మాత్రం నేననుకుంటాను. అందరికీ అవి పేకముక్కలే కానక్కర్లేదు.

ఆ ఆదివారం మేం లోపల ఉండగానే బయటినుంచి అన్న గొంతు వినబడింది. "మాస్టర్ సాబ్, రైలుకు యాళ్లయితాంది, పోయొస్త."

మాస్టరు లేవలేదు. నన్ను పొమ్మని చేత్తో సైగ చేశారు. నేను బయటికి వచ్చి తలుపు మూసి, "సార్ పండుకున్నరు అన్నా, లేపొద్దు" అన్నాను. అన్న సరేనన్నాడు. చెప్పులు విడిచి, మూసిన తలుపుకు వంగి దండం పెట్టి, ఖాళీ గోనెసంచి భుజాన వేసుకుని స్టేషన్ దారి పట్టాడు.